నలభై గడపల చొక్కా

కచ్కిన్‌బాయ్ మనవడికి చొక్కా కుట్టాలని కబురొచ్చినప్పుడు నేను ఒక పోలీసువాడి ప్యాంటుకి పిర్రల దగ్గర అతుకు వేస్తున్నాను. ఆ రెండు పనుల్లో ఏది గౌరవమైనదో ఆ పూట నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. ప్యాంటే.

కచ్కిన్‌బాయ్ నాకు పరాయివాడైతే బాగుండేది. మా నాన్నా వాళ్ల నాన్నా ఒకే తల్లి కొడుకులు. మా ఊరు కోక్-సాయ్‌లో కాలువ వీధి మొదట్లోనే మా ఇళ్లు ఎదురెదురుగా ఉంటాయి. వాడి గేటు ఇనుముది, దాని మీద రెండు రేకు గద్దలు రెక్కలు చాపుకుని ఉంటాయి. నా గేటు చెక్కది, ఒక పక్క బందు ఊడిపోతే తాడుతో కట్టాను. పొద్దున్నే లేచి బయటికి చూస్తే ఆ గద్దలే నాకు ఎదురొస్తాయి.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి ఊళ్లోని సర్కారు కుట్టుశాలలో చేరాను. పన్నెండు మిషన్లు, పదకొండు మంది ఆడవాళ్లు, నేను. కచ్కిన్ అక్కడ గోదాం తాళాలు పెట్టుకు తిరిగేవాడు. అంతకు మించి ఒక్క బొత్తాం కుట్టి ఎరగడు. సోవియట్ రాజ్యం కూలిన ఏడాది చలికాలంలో ఒక ఆదివారం కుట్టుశాల కూడా ఖాళీ అయిపోయింది. మిషన్లేవని అడిగితే "కాలం తీసుకుపోయింది" అన్నాడు. కాలానికి లారీ ఎక్కడిదని నేను అడగలేదు. నేను కూర్చునే మిషన్ మాత్రం అంతకు ముందురోజే బాగుచేద్దామని వీపున వేసుకుని ఇంటికి తెచ్చాను కాబట్టి మిగిలింది. ముప్పై ఏళ్లుగా దాని మీదే తింటున్నాను. వాడు ఆ తాళాలగుత్తి పట్టుకునే ఒక్కో మెట్టూ ఎక్కి ఇప్పుడు జిల్లా ఆఫీసులో రెండో పెద్ద అయ్యాడు. మూడేళ్ల కిందట కాలువకి ఎగువన చేపల చెరువు తవ్వించుకున్నాడు. అప్పటినుంచీ మా వీధికి నీళ్లు వారానికి రెండు రోజులే వస్తాయి. చేపలు మాత్రం వారమంతా ఈదుతాయి.

పిలిచింది వాడి పెళ్లాం జూరకాన్.

"కాళ్లు తుడుచుకుని రా, ఎస్తెబెస్. తివాచీ కొత్తది," అంది గుమ్మంలోనే.

పిల్లాడికి ఆ రోజుకి ముప్పై ఒకటో రోజు. మావాళ్లు నలభయ్యో రోజున పిల్లకి నలభై చెంచాల నీళ్లు పోసి, నలభై ఇళ్ల నుంచి అడిగి తెచ్చిన గుడ్డముక్కలతో కుట్టిన చొక్కా తొడుగుతారు. ఇంటి ముసలమ్మ గడప గడపకీ నడిచివెళ్లి, గేటు దగ్గర నిలబడి నోరు తెరిచి అడగాలి. ఇచ్చేవాళ్లు తమ ఒంటి మీద మాసిన బట్టలోంచి, మనసారా, ఒక ముక్క కత్తిరించి ఇవ్వాలి. అంతమంది బతుకుల్లోంచి ఇంతింత ఆయుష్షు పిల్లకి అంటుకుంటుందట. మా అమ్మ నాకూ కుట్టింది అలాంటిది. దాని మహిమ ఏపాటిదో నన్ను చూస్తే తెలుస్తుంది.

జూరకాన్ ఎక్కడికీ నడవలేదు. బల్ల మీద ఒక అట్టపెట్టె పెట్టి మూత తీసింది. లోపల నలభై ప్లాస్టిక్ కవర్లు, ఒక్కో కవరు మీద ఒక చీటీ.

"ఇది జిల్లా పెద్దగారిది. ఇది కస్టమ్స్ అధికారిది. ఇది జడ్జిగారిది, ఇది బ్యాంకు మేనేజరుది. నలభై మందిలో ఒక్కడు చిన్నవాడుంటే చూపించు!" అంది, తనే వాళ్లందరినీ కన్నట్టు.

"వీళ్లందరి గేట్ల దగ్గరా నువ్వే నిలబడి అడిగావా, వదినా?"

"నిలబడ్డమేంటి? ఫోన్లు చేశాం. డ్రైవర్లు తెచ్చి ఇచ్చారు."

నేను కవర్లు విప్పి ముక్కలు ఒక్కొక్కటే బల్ల మీద పరిచాను. నేను చదువుకున్నది తక్కువేగానీ గుడ్డ నాతో అబద్ధమాడదు.

"వదినా, ఇది కర్టెన్."

"ఏది?"

"ఇదీ. ఇదీ. ఇదిగో, ఇది కూడా."

మొత్తం పదకొండు. జిల్లా ఆఫీసు మీటింగు హాలు కిటికీలకి వేలాడే ముదురెరుపు మఖమలు. ఆరేళ్ల కిందట ఆ కర్టెన్లు కుట్టింది నేనే. ఆ రంగు దారం దొరక్క గోధుమరంగుది వేశాను, ఆ దారమే రెండు ముక్కల అంచున ఇంకా ఉంది. పెద్దలు గుమాస్తాలకి చెప్పుంటారు, గుమాస్తాలు వాచ్‌మన్‌కి చెప్పుంటారు, వాచ్‌మన్ దగ్గర కత్తెర ఉంది, కర్టెన్ ఎదురుగా ఉంది. కస్టమ్స్ అధికారి పంపింది కారు సీటు కవరు. బ్యాంకు మేనేజరుది తువ్వాలు, మూల మీద ఏదో హోటల్ పేరు సగం తెగి ఉంది. జడ్జిగారు టై ముక్క పంపారు, దాని వెనకాల కొట్టువాడి చీటీ ఇంకా ఊడలేదు. ఏ మెడకీ తగలని టై.

ఇదంతా చెప్పాను. జూరకాన్ ముఖం ఒక్క క్షణం మాడింది, మళ్లీ పొంగింది.

"ఎవడు చూస్తాడోయ్? మైకులో పేర్లు చదువుతారు, అంతేగా. కుట్లు లోపలికి పెట్టు. మెడ చుట్టూ బంగారు తాడు వెయ్యి. ఫోటోలు తీస్తారు."

"పసిపిల్ల చొక్కాకి కుట్లు బయటికే ఉంచుతారు వదినా. ఒళ్లు ఒరుసుకోకుండా."

"అది పల్లెటూరి పద్ధతి."

"మనం ఉంటున్నది ఏ పట్నంలో?"

"నీకు తెలిసింది కుట్టడం. కుట్టు. పక్కగదిలో పిల్లాడున్నాడు, కొలత తీసుకుని వెళ్లు."

నెల రోజుల పిల్లాడికి కొలతేమిటి, పిల్లి అంత ఉంటాడు. అయినా వెళ్లాను. కోడలు ఐసల్కిన్ ఉయ్యాల పక్కన కింద కూర్చుని ఉంది. మొగుడు ఆ గదిలోనే కిటికీ వైపు తిరిగి ఫోను చూసుకుంటున్నాడు. వాడు తల్లి నవ్వాక నవ్వుతాడు, తల్లి తిన్నాక తింటాడు. నేను రాగానే వాడు లేచి బయటికి పోయాడు.

ఆ పిల్ల నా పేరు పలకదు. మావాళ్ల కోడళ్లు అత్తింటి మగవాళ్లని పేరుతో పిలవరు, వేరే పేర్లు కట్టుకుంటారు. నాకు సూది అబా అని పెట్టింది. చిన్నాన్న వరస వాణ్ణి కాబట్టి అబా. సూది ఎందుకో చెప్పక్కర్లేదు. నా చేతిలో ఉన్నదానికా, నా నోటికా అని మాత్రం అడగలేదెప్పుడూ.

"సూది అబా," అంది గొంతు తగ్గించి, "నిజంగా కర్టెనేనా?"

"గోడలకి ఇంత ఇంత చెవులున్నాయే ఈ ఇంట్లో."

"తలుపు తీసే ఉంది అబా. కర్టెనేనా?"

"కర్టెన్, తువ్వాలు, సీటు కవరు. ఒక్కటీ మనిషి ఒంటికి తగిలింది కాదు."

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. ఈ పిల్లాడికి ముందు ఇద్దరు పుట్టారు. ఒకడు పదకొండు రోజులున్నాడు, ఒకడు ఇరవయ్యారు. నలభయ్యో రోజు చూసినవాడు లేడు. వీడికి తాత పెట్టిన పేరు ఎమీర్‌ఖాన్, బ్యానరు మీద వేయడానికి బాగుంటుంది. తల్లి మాత్రం తోక్తో అని పిలుస్తుంది. ఆగరా, ఉండిపోరా అని.

"అంటే వీడికి నలభై మంది లేరు," అంది.

"లేరు."

"మీరు తెచ్చిపెట్టండి అబా. మన వీధిలోంచే. నేను నలభై రోజులు గడప దాటకూడదు. మా అత్తగారు వెళ్లరు. మా అమ్మ లేదు."

"నేనా? మీసాలున్నవాణ్ణి పట్టుకుని గుడ్డపేలికలు అడుక్కురమ్మంటావా?"

"ఇంకెవర్ని అడగను చెప్పండి?"

"నేను కుట్టేవాణ్ణి, ముష్టెత్తేవాణ్ణి కాను," అని టేపు చుట్టుకుని వచ్చేశాను. కొలత తీసుకోవడం కూడా మరిచిపోయాను.

ఇంటికొచ్చి మఖమలు కత్తిరించడం మొదలుపెట్టాను. ముక్క ముక్కకీ కోపం పెరిగింది. తొమ్మిది రోజుల్లో ఈ కర్టెన్ తొడుక్కుని ఆ పిల్లాడు ఫోటోలకి కూర్చుంటాడు, వాడి తాత మైకులో పెద్దల పేర్లు చదివిస్తాడు, ఊరంతా తల ఊపుతుంది. అప్పుడు నాకో ఊహ వచ్చింది. జిల్లాలో రెండో పెద్ద మనవడి ఒంటి మీద కాలువ వీధి మాసిన గుడ్డలు. వాడు నీళ్లు లేకుండా చేసిన వీధివే. ఆ ఊహ నా నాలిక మీద తీపిగా తగిలింది. నేను దయతో వెళ్లానని ఎవరైనా అనుకుంటే నా తప్పు లేదు.

మర్నాడు పొద్దున ముందుగా బాత్మా ముసలమ్మ ఇంటికి వెళ్లాను. ఆమెకి ఎనభై నాలుగు. వీధిలో సగం మందికి బొడ్డు కోసింది ఆమే, నాతో సహా. అందుకే అందరం అపా అంటాం, అమ్మ అన్నట్టు. గేటు దగ్గర నిలబడి విషయం చెప్పాను. ఆమె నవ్విన నవ్వుకి కోళ్లు చెదిరిపోయాయి.

"ఏరా ఎస్తెబెస్, బిడ్డని నువ్వే కన్నావా ఏంటి?"

"ఇస్తావా ఇవ్వవా అపా? ఎండలో నిలబెట్టకు."

"అలా అడిగితే కుక్క కూడా ఎముక ఇవ్వదు. ఎవరికో చెప్పు, ఎందుకో చెప్పు. పిల్లాడి పేరు చెప్పు."

చెప్పించింది. చెప్పాక తన ఫ్లానెల్ రాత్రిగౌను అంచు కత్తిరించి ఇచ్చింది, దాని మీద టీ మరక ఉంది. ఉతికి ఇవ్వమన్నాను. ఉతికితే తన వాసన పోతుందంది. ఇంకో మాట కూడా చెప్పింది.

"పిల్లాడి గేటు నుంచి వరసగా పోవాలి. నచ్చినవాళ్ల ఇళ్లే ఏరుకోకు. ఇల్లు దాటితే ఆ ఇంటివాళ్లు గుర్తుపెట్టుకుంటారు."

పిల్లాడి ఇల్లు కాక కాలువ వీధిలో వంతెన దాకా సరిగ్గా నలభై ఇళ్లు. ఆ నలభై ఇళ్లలో నాతో మాట్లాడేవాళ్లు పదిమంది ఉంటారు. తక్కినవాళ్లతో నేనే మాట్లాడను.

మూడో ఇల్లు గొర్రెలకాపరి జుమాష్‌ది. వాడు గేటు మీద మోచేతులు ఆనించి విన్నాడు.

"కచ్కిన్ ఇంటికా? నా గాడిద జీను కింద గుడ్డుంది, పట్టుకుపో. దానిక్కూడా నీళ్లు లేవని చెప్పు."

"కచ్కిన్ తొడుక్కోడు. పిల్లాడు తొడుక్కుంటాడు."

"వాడి రక్తమేగా."

"నీ కొడుకు నీ రక్తమే కదా, వాడు అందంగానే ఉన్నాడు."

లోపల్నుంచి వాడి పెళ్లాం పకపకా నవ్వింది. జుమాష్ నన్ను తిట్టడానికి నోరు తెరిచి, ఆగి, "ఆ పిల్లకి ఇద్దరు పోయారు కదూ," అన్నాడు. తను తొడుక్కున్న ప్యాంటు మోకాలి దగ్గర చిరుగులోంచే ఒక ముక్క లాగి తెంపి ఇచ్చాడు. గొర్రె కంపు గుప్పుమంది. ఇది ఆ పిల్లాడి ఛాతీ మీదకి సరిగ్గా సరిపోతుందనుకుని లోపల్లోపల సంతోషించాను.

ఇలా ఐదారు రోజులు తిరిగాను. ఒక్కో ఇంట్లో ఒక్కో నాటకం. ట్రాక్టరు నడిపేవాడు తన పని చొక్కా మోచెయ్యి ఇచ్చాడు, నూనె మరకతో. ఒకావిడ పెళ్లినాటి తలగుడ్డ కొస ఇచ్చి, మనసు మారి వెనక్కి లాక్కుని, మళ్లీ ఇచ్చింది. ఒకడు చేపల చెరువు గురించి గంటసేపు నన్నే తిట్టాడు, నేనే తవ్వినట్టు. అంతా విన్నాక తన టోపీ అస్తరు ఇచ్చాడు. ఉర్కియా అయితే నాతో ఏడేళ్లుగా మాట్లాడదు, వాళ్లమ్మాయి పెళ్లిగౌను కొలత తీసుకున్నప్పుడు నడుము ఎక్కడుందో నువ్వే చూపించమ్మా అని ఆమెనే అడిగాను లెండి. ఆమె గేటు తెరవకుండా సందులోంచి చూసింది.

"ఎవరు?"

"ఎవరో నీకు తెలుసు."

"తెలీదు. చెప్పు."

"ఎస్తెబెస్‌ని."

"ఏం కావాలి?"

చెప్పాను.

"వినపడలేదు."

మళ్లీ చెప్పాను. మూడోసారి అరిచి చెబితే పక్కింటివాళ్లు బయటికొచ్చారు. అప్పుడు తలుపు తీసి అప్పటికే కత్తిరించి పెట్టుకున్న ముక్క చేతిలో పెట్టింది. వాళ్లమ్మాయి పెళ్లిగౌనులోదే, నేను కుట్టినదే. "నడుము దగ్గరది," అంది, తలుపు వేసేసింది.

జనం మంచివాళ్లని నేను చెప్పను. సగం మంది ఆ పిల్ల మీద జాలితో ఇచ్చారు. తక్కిన సగం మంది నేను అడుక్కోవడం చూసిన ఆనందంలో ఇచ్చారు. బాత్మా మాత్రం రెండూ చెల్లుతాయంది, నవ్వుతూ ఇచ్చిందీ ఇష్టంగా ఇచ్చిందేనట, ఇష్టం లేకుండా ఇచ్చిందే చెల్లదట.

ముప్పై ఏడో రోజు మధ్యాహ్నం ఆమె అరుగు మీద ముక్కలన్నీ పరిచి లెక్కపెట్టాం. ముప్పై తొమ్మిది.

"ఇంకోటి ఎవరిది?" అన్నాను. "అన్ని ఇళ్లూ తిరిగానే."

ముసలమ్మ నా ముఖంలోకి చూసింది. "వంతెన దాకా నలభై ఇళ్లు. పిల్లాడి గేటుకి ఎదురుగా ఉన్నది ఎవరిది?"

నాది.

"నాదెందుకు? నేను కుడుతున్నానుగా. దారం నాది, కళ్లు నావి."

"దారం దారమే. గుడ్డ ఇవ్వు."

"ఇవ్వను."

"ఎందుకు?"

ముప్పై ఏళ్లుగా లోపల పెట్టుకున్నదంతా ఆ అరుగు మీద కక్కాను. లారీ, ఆదివారం, పదకొండు మంది ఆడవాళ్లు బజారులో పొద్దుతిరుగుడు గింజలు అమ్ముకోవడం, ఆ రేకు గద్దలు. ఇష్టం లేకుండా ఇస్తే ఆ ముక్క చెల్లదని నువ్వే చెప్పావు, నాకు ఆ ఇంటి మీద వేలెడు ఇష్టం లేదు, అబద్ధపు ముక్కలే కావాలంటే కర్టెన్‌లో ఏం తక్కువ అన్నాను. ఆమె మోకాళ్లు పట్టుకుని లేచి, "అయితే ముప్పై తొమ్మిదే," అని లోపలికి పోయింది. సాయంత్రం పిల్లాడికి నూనె రాయడానికి వెళ్లినప్పుడు ఐసల్కిన్‌కి ఈ మాట చెప్పేసిందని నాకు తర్వాత తెలిసింది.

ముప్పై ఎనిమిదో రోజు, మిట్టమధ్యాహ్నం. జూరకాన్ హోటల్లో వంటలు రుచి చూడ్డానికి పోయింది. నేను మఖమలు చొక్కాకి బంగారు తాడు కుడుతున్నాను. గేటు తాడు కదిలింది. చూస్తే ఐసల్కిన్. గడప దాటి, వీధి దాటి, ఎర్రటి ఎండలో, పిల్లాణ్ణి శాలువాలో గుండెకి కట్టుకుని నా గేటు బయట నిలబడి ఉంది. నలభై వెళ్లకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది.

"నీకు మతుందా? లోపలికి పో! నీ అత్త చూస్తే ఇద్దర్నీ నరుకుతుంది!"

ఆ పిల్ల కదల్లేదు. ముఖం పాలిపోయి ఉంది. ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్నది, ఇంకా రెండు రోజులుండగా భయం లేక గడప దాటలేదు. భయపడుతూనే వచ్చింది.

"నా కొడుకు తోక్తోకి చొక్కా కుట్టాలి అబా. మీ ఇంటి నుంచి ఒక ముక్క ఇవ్వండి," అంది. బాత్మా నాకు నేర్పినట్టే, పేరు చెప్పి, ఎందుకో చెప్పి.

"నాకు ఇష్టం లేదని ముసలిది చెప్పలేదా?"

"చెప్పింది. మా మామగారి మీద మీకెంత కోపమో తెలుసు. ఆ కోపం మీ దగ్గరే ఉంచుకోండి, నాకొద్దు అది. ఆయన కోసం అడగట్లేదు. నా కోసమూ కాదు. వీడికి ఇస్తారా ఇవ్వరా, అది చెప్పండి."

శాలువాలోంచి పిల్లాడి ముఖం కనబడింది. అందగాడేం కాదు. తాత ముక్కే. ఎండకి కళ్లు చిట్లించి, నన్ను చూసి తుమ్మాడు.

నాకున్న మంచి చొక్కా ఒక్కటే, నీలి చారలది, ఒంటి మీద అదే ఉంది. ప్యాంటులోంచి పైకి లాగి వెనక అంచు కత్తెరతో చదరంగా కోశాను. చేతికివ్వబోతే ఆ పిల్ల రెండు చేతులూ చాపి పట్టుకుంది.

"మనసారానేనా అబా?"

"ఒంటి మీద చొక్కా కోసిచ్చాను, ఇంకా ఏం కావాలి? పో ఇంటికి!"

నవ్వింది. నాకు తెలిసి ఆ ఇంట్లోకి వచ్చాక అదే మొదటిసారి. వీధి దాటి, గద్దల కింద నుంచి లోపలికి దూరేదాకా చూస్తూ నిలబడ్డాను. మళ్లీ ముక్క నా దగ్గరికి రావాలి కదా కుట్టడానికి, సాయంత్రం బాత్మా తెచ్చింది. ఆ రాత్రీ మర్నాడూ కూర్చుని పేలికల చొక్కా పూర్తిచేశాను. కుట్లు బయటికి. అంచు మడవలేదు. నా బతుకులో అంత వికారమైన చొక్కా ఇంకోటి కుట్టలేదు, అంత జాగ్రత్తగానూ కుట్టలేదు.

నలభయ్యో రోజు పొద్దున బాత్మా నలభై చెంచాల నీళ్లు పోసి పిల్లాడికి ఆ చొక్కా తొడిగింది. జూరకాన్ అప్పుడు జుట్టు చేయించుకోవడానికి వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేసరికి తల్లి దాని మీద మఖమలు చొక్కా వేసి మెడదాకా బొత్తాలు పెట్టేసింది. ఐసల్కిన్ అనుకున్నది అయిపోయింది. అక్కడితో నాకూ సంబంధం తీరిపోవాల్సింది. కానీ విందుకి పిలుపొచ్చింది, గుర్రపు మాంసం పెడతారని వెళ్లాను.

ఊరి బయట కొత్త హాలు. జూలై ఎండ. నన్ను వంటింటి తలుపు పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు, వెయిటర్లు పోతూ వస్తూ నా కుర్చీ తన్నుతున్నారు. మా వీధి నుంచి పిలిచింది నన్నూ బాత్మానూ, అంతే. మావాళ్లు హోదాని బట్టి ఎముక వడ్డిస్తారు; పెద్దలందరికీ తొడ ఎముకలూ తుంటి ఎముకలూ పోయాయి, నా పళ్లెంలోకి ఒక వెన్నుపూస వచ్చింది. ఉక్క భరించలేక కోటు విప్పి కుర్చీకి తగిలించాను.

పిల్లాణ్ణి తెచ్చారు. కర్టెన్ తొడుక్కుని, బంగారు తాడుతో, చిన్న సైజు మీటింగు హాలులా ఉన్నాడు. ముఖం దుంపలా ఎర్రబడింది. మైకువాడు గొంతు సవరించుకునేలోపే గుక్కపట్టి ఏడ్చి మఖమలు మీద పాలు కక్కాడు. జూరకాన్ తుడుస్తూ, నవ్వుతూ, ఊపుతూ తిప్పలు పడింది.

ముందు వరసలోంచి జిల్లా పెద్ద భార్య లేచింది. "అయ్యో, ఉడికిపోతున్నాడు! ఆ పైది తియ్యండి ముందు!"

పెద్దావిడ చెప్పాక జూరకాన్ క్షణం ఆగుతుందా? పది వేళ్లతో బొత్తాలు పీకేసింది. కింద నుంచి కాలువ వీధి మొత్తం బయటపడింది. గౌను, జుమాష్ ప్యాంటు, ట్రాక్టరు నూనె, టోపీ అస్తరు. జూరకాన్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఓహో! ఇదన్నమాట అసలు నలభై ముక్కల చొక్కా!" అని పెద్దావిడ చప్పట్లు కొట్టింది. "పైది కవరా? ఎంత ముచ్చటగా ఉందో! మా నాయనమ్మ ఇలాగే కుట్టేది."

హాలంతా చప్పట్లు. కోడలు ముందుకొచ్చి పిల్లాణ్ణి అందుకుంది. గాలి తగలగానే వాడు ఏడుపు ఆపేశాడు. మైకువాడికి ఇదంతా ఏం తెలుసు, చేతిలో కాగితం ఉంది, చదివాడు. ఒక్కో పేరుకీ ఒక్కో ముక్క మీద వేలు పెట్టాడు.

"ఇది మన గౌరవనీయ కస్టమ్స్ అధికారి ఒంటి మీది బట్ట!"

వేలు జుమాష్ మోకాలి మీద ఉంది. కస్టమ్స్ అధికారి లేచి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, తల వంచాడు. దూరం నుంచే ఆ ముక్క వైపు ప్రేమగా చూశాడు కూడా. జడ్జిగారు బాత్మా రాత్రిగౌనుకి లేచారు. "నాకు చాలా ఇష్టమైన బట్ట," అన్నారు మైకులో, టీ మరక చూస్తూనే. నా పక్కన ముసలమ్మ నోట్లో తలగుడ్డ కుక్కుకుంది. బ్యాంకు మేనేజరు ఉర్కియా కూతురి నడుము పుచ్చుకున్నాడు. ఒక్కడికైనా తను ఏం పంపాడో తెలిస్తే కదా. అంతమంది పెద్దల్లో ఒక్కడు "ఇది నాది కాదే" అంటాడేమోనని చివరిదాకా చూశాను. ఒక్కడూ అనలేదు.

"ఇక చివరిది, నలభయ్యోది," అన్నాడు మైకువాడు, "తాతగారిది!"

కచ్కిన్ వేదిక ఎక్కాడు. చొక్కా కేసి చూసినప్పుడు వాడికి అనుమానం వచ్చిందనే అనుకుంటాను, గోదాం చూసుకున్నవాడు కదా, సరుకు మారితే తెలుస్తుంది. కానీ పెద్దావిడ నవ్వుతూ చూస్తోంది. వాడు నీలి చారల ముక్క మీద వేలు పెట్టాడు.

"ఇది నాదే," అన్నాడు. గొంతు వణికింది, నిజంగానే. "ఈ చొక్కా తొడుక్కునే నేను బతుకు మొదలుపెట్టాను. ఊరి కుట్టుశాలలో, ఈ చేతులతో, రాత్రనక పగలనక కష్టపడ్డాను. ఆ కష్టం విలువ నా మనవడు మరిచిపోకూడదని..."

కొందరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

హాల్లో అవే నీలి చారల చొక్కా తొడుక్కుని నేను కూర్చుని ఉన్నాను. ఒక్కడూ నా వైపు చూడలేదు. నా చెయ్యి దానంతటది బెల్టు దగ్గరికి పోయింది. లేచి, వెనక అంచు పైకి లాగి, వెనక్కి తిరిగి నిలబడితే చాలు. ఒక్క మాట కూడా అక్కర్లేదు. ముప్పై ఏళ్లకి అలాంటి అవకాశం ఒక్కసారి వస్తుంది.

ఐసల్కిన్ నన్నే చూస్తోంది. రెండు చేతులూ పిల్లాడి వీపు మీద ఉన్నాయి, ఆ చొక్కా ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు. నేను లేస్తే జూరకాన్ ఏం చేస్తుందో నాకూ తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. ఆ పేలికలు ఆ నిమిషమే చెత్తబుట్టలో ఉంటాయి. పిల్లాడు తల్లి భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

నేను చొక్కా ప్యాంటులోకి ఇంకా లోతుగా దోపుకున్నాను. వేదిక మీద వాడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. వెన్నుపూస చల్లారి కొవ్వు గడ్డకట్టింది. దాన్నే కొరుక్కు తిన్నాను.